సమాజ సిద్ధాంతాలను పోల్చడం ఎలా: తెలంగాణ ఊరి కల్లం దగ్గర నిలబడి చూడటం

సమాజం ఎలా నిలబడుతుంది, ఎందుకు మారుతుంది అన్న ప్రశ్నకు సమాజశాస్త్రంలో నాలుగైదు పెద్ద జవాబులు ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో అవి వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి, పరీక్షలో మాత్రం "పోల్చి వివరించండి" అంటూ ఒకే ప్రశ్నగా ఎదురవుతాయి. అప్పుడు చాలామంది విద్యార్థులు ఒక పేజీ డర్క్‌హైమ్‌కూ మరో పేజీ మార్క్స్‌కూ కేటాయించి, రెండింటిలోనూ కొంత నిజం ఉందని రాసి ముగిస్తారు. అది పక్కపక్కన పెట్టడమే అవుతుంది కానీ పోల్చడం కాదు. రెండు తక్కెడలు సరైనవో కావో తెలియాలంటే ఒకే వస్తువును రెండింటిలోనూ తూచాలి. సిద్ధాంతాలకూ ఇదే వర్తిస్తుంది: ఒకే ఉదంతాన్ని, అవే ప్రశ్నలతో, ఒక్కో సిద్ధాంతం ముందు పెట్టి, అది ఎక్కడ బాగా పలుకుతుందో, ఎక్కడ మౌనం వహిస్తుందో గమనించాలి. ఆ మౌనం దగ్గరే అసలు పోలిక మొదలవుతుందని నేను నమ్ముతాను. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదంతాన్ని పట్టుకుని నడుస్తాను.

మొదటి అడుగు: ఉదంతాన్ని ఎంచుకుని, సిద్ధాంతం సోకకుండా రాసుకోవడం

ఇక్కడ మనం మాట్లాడుకునేవి స్థూల సిద్ధాంతాలు. ఇద్దరు మనుషుల మధ్య మాటలను, సైగలను చదివే సిద్ధాంతాలు వేరే ఉన్నాయి, వాటిని ఈ పోలికలోకి తేవద్దు. స్థూల సిద్ధాంతాలు వర్గాలు, సంస్థలు, రాజ్యం, మార్కెట్ వంటి పెద్ద నిర్మాణాల గురించి మాట్లాడతాయి కాబట్టి, ఎంచుకునే ఉదంతంలో అవన్నీ ఉండాలి. 1948కి ముందు నిజాం పాలనలో ఉన్న తెలంగాణ ఊరు ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

ఆ ఊళ్లో ఒకే మనుషుల మధ్య రెండు రకాల సంబంధాలు ఉండేవి. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, కమ్మరి వంటి వృత్తి కులాలవారు రైతు కుటుంబాలకు ఏడాది పొడవునా పని చేసి, పంట కల్లానికి చేరినప్పుడు గింజల్లో వాటా తీసుకునేవారు. కోస్తా ఊళ్లలో ఈ వాటాకు మేర అని పేరు. ఇది మొదటి సంబంధం. రెండోది వెట్టి. అవే కులాలవారు దొర గడికీ (కోటలాంటి ఇంటికీ), ఊరికి వచ్చిన అధికారులకూ కూలి లేకుండా పని చేయాల్సి వచ్చేది. గొల్లలు గొర్రెలు ఇవ్వాలి, గౌడులు కల్లు పోయాలి, మాదిగలు చెప్పులూ మోటబావులకు తోలు సామానూ సమకూర్చాలి, దళితుల్లో ఇంటికొక మనిషి కబుర్లు మోయడానికీ కావలి కాయడానికీ వెళ్లాలి. చివరికి సొంత పొలం ఉన్న రైతు కూడా ముందు దొర పొలానికి నీళ్లు పారిన తర్వాతే తన మడి తడుపుకోవాలి.

1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి సభ తర్వాత కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చి, ఊళ్లలో 'సంగం'గా పాతుకుంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ (ఆ ప్రాంతపు పెద్ద దొర) మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి సాయుధంగా మారిన పోరాటం, 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిశాక కూడా సాగి, 1951 అక్టోబరులో ఆగింది. మధ్యలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, వెట్టి పోరాటంలో కూలిపోయింది, కల్లంలో గింజల వాటా మాత్రం ఆ తర్వాత కూడా కొనసాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను అధ్యయనం చేసిన ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన పుస్తకంలో, ఆ ఊరి కులాలు ఒకదానిపై ఒకటి ఆధారపడిన తీరును వివరంగా నమోదు చేశాడు. ఒకే ఊరు, అవే చేతులు, రెండు సంబంధాలు. ఒకటి తెగింది, ఒకటి నిలిచింది. ఈ చిక్కుముడిని ప్రతి సిద్ధాంతం ముందూ పెట్టబోతున్నాం.

ఈ దశలో "పరస్పర సహకారం" అని కానీ, "దోపిడీ" అని కానీ రాయకండి. రెండూ వాస్తవాలుగా కనిపించే తీర్పులు, మొదటిది రాసిన క్షణంలోనే మీరు ప్రకార్యవాదం (సమాజంలోని ప్రతి ఏర్పాటూ ఏదో ఒక అవసరం తీరుస్తుందనే సిద్ధాంతం) పక్షాన, రెండోది రాసిన క్షణంలో మార్క్స్ పక్షాన చేరిపోతారు. "వెట్టి" అన్న మాటను మాత్రం ఉంచుకోవచ్చు, ఎందుకంటే అది సిద్ధాంతకర్త పెట్టిన పేరు కాదు, చేసినవాళ్లే వాడుకున్న పేరు.

రెండో అడుగు: అందరికీ అవే ప్రశ్నలు

ప్రశ్నలు ఎక్కువైతే పోలిక చెదిరిపోతుంది. నాకు అయిదు సరిపోతాయి. ఈ సిద్ధాంతం దేన్ని ఒక యూనిట్‌గా చూస్తుంది: ఊరినా, వర్గాన్నా, రాజ్యాన్నా, ప్రపంచాన్నా? ఏర్పాటు ఎందుకు నిలిచిందని చెబుతుంది? ఎందుకు తెగిందని చెబుతుంది? అందులోని మనుషుల నమ్మకాలకు ఏ స్థానం ఇస్తుంది? అన్నిటికంటే ముఖ్యంగా, ఎలాంటి సాక్ష్యం కనబడితే ఈ సిద్ధాంతం ఇబ్బంది పడుతుంది? చివరి ప్రశ్నకు జవాబు దొరకని సిద్ధాంతం ఏ సంఘటననైనా వివరించేస్తుంది, అందువల్ల దేన్నీ వివరించదు.

మూడో అడుగు: ప్రకార్యవాదంతో చదవడం

ఎమిల్ డర్క్‌హైమ్ 1893లో శ్రమ విభజనపై రాసినప్పుడు అతని ప్రశ్న ఇది: మనుషులు ఒకరికొకరు భిన్నమవుతున్నకొద్దీ సమాజం ఎందుకు విడిపోవడం లేదు? పాత సమాజాలను మనుషులు ఒకరినొకరు పోలి ఉండటం వల్ల పుట్టిన యాంత్రిక సంఘీభావం, ఆధునిక సమాజాలను ఒకరి పని మరొకరికి అవసరం కావడం వల్ల పుట్టిన జైవిక సంఘీభావం కట్టి ఉంచుతాయన్నది అతని జవాబు. అమెరికాలో టాల్కాట్ పార్సన్స్ 1950లలో దీన్ని ఒక పూర్తి వ్యవస్థా సిద్ధాంతంగా పెంచి, ప్రతి సమాజమూ పరిసరాలకు సర్దుకోవడం, లక్ష్యాలు సాధించడం, భాగాలను కలిపి ఉంచడం, విలువలను తరతరాలకు అందించడం అనే అవసరాలు తీర్చుకోవాలన్నాడు.

దీన్ని కల్లానికి అన్వయిస్తే బాగా పలుకుతుంది. నగదు అరుదుగా ఉన్న ఊళ్లో, వాన పడుతుందో లేదో తెలియని నేల మీద, వృత్తివారికి పంటలో వాటా ఇవ్వడం ఇరువైపులా భద్రత. నాగలి విరిగితే వడ్రంగి వెంటనే కావాలి, కరువు వస్తే వడ్రంగికి తిండి గింజలు కావాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామంలో ఇలాంటి ఏర్పాటును చూసిన విలియం వైజర్ 1936లో దాన్ని దాదాపు ఈ దృష్టితోనే, ఇచ్చిపుచ్చుకోవడంగా వర్ణించాడు. వెట్టి తర్వాత కూడా గింజల వాటా ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు ఇంత సూటిగా మరో సిద్ధాంతం జవాబు చెప్పలేదు.

వెట్టి దగ్గరకు వచ్చేసరికి ఈ సిద్ధాంతం తడబడుతుంది. గడికి కూలి లేకుండా కుండలు చేసి పంపడం ఎవరి అవసరాన్ని తీర్చింది? "వ్యవస్థ అవసరాన్ని" అని జవాబిస్తే దొరనే వ్యవస్థ అనుకున్నట్టు అవుతుంది. ఈ బలహీనతను బయటివాళ్లే కాదు, లోపలివాళ్లూ చూశారు, దాన్ని విస్మరించి ప్రకార్యవాదాన్ని తిట్టేయడం సరైన పోలిక కాదు. రాబర్ట్ మెర్టన్ 1949లో, ప్రకార్యం అన్నప్పుడల్లా "ఎవరికి?" అని అడగాలనీ, పైకి కనిపించే ప్రకార్యాలతో పాటు గుప్త ప్రకార్యాలనూ, చెరుపు చేసే అపప్రకార్యాలనూ లెక్కించాలనీ పట్టుబట్టాడు. డర్క్‌హైమ్ సైతం తన పుస్తకం చివరి భాగంలో 'బలవంతపు శ్రమ విభజన' గురించి రాశాడు: పుట్టుకను బట్టి, బలప్రయోగంతో పనులు అంటగడితే సంఘీభావం పుట్టదని. వెట్టి గురించి ఇంతకంటే సరైన మాట యూరప్‌లో కూర్చుని చెప్పడం కష్టం. పాఠ్యపుస్తకాలు ఈ భాగాన్ని ఎందుకో దాటేస్తాయి. మీరు దాటేయవద్దు.

ఇంకో జాగ్రత్త ఉంది. ఒక ఏర్పాటు వల్ల మేలు జరుగుతోంది కాబట్టి ఆ మేలు కోసమే అది పుట్టిందని అనుకోవడం తర్కదోషం. కారణం వేరు, ప్రకార్యం వేరు అని 1895లో చెప్పింది కూడా డర్క్‌హైమే.

నాలుగో అడుగు: సంఘర్షణ సిద్ధాంతంతో చదవడం

మార్క్స్‌కు యూనిట్ ఊరు కాదు, ఉత్పత్తి విధానం. భూమి, నీరు, పనిముట్లు ఎవరి చేతిలో ఉన్నాయో, పండించినదానిలో మిగులు ఎవరికి చేరుతుందో చూడమంటాడు. చట్టం, మతం, నమ్మకాలు అన్నవి ఆ పునాది మీద లేచిన ఉపరితలం. ఈ కోణం నుంచి వెట్టి వెంటనే అర్థమవుతుంది: ఊరి శ్రమలో మిగులును ఆర్థికేతర బలంతో గుంజుకునే పద్ధతి అది. పోరాటం వెట్టి నిరాకరణతో మొదలై భూమి దాకా ఎందుకు వెళ్లిందో కూడా అర్థమవుతుంది. కమ్యూనిస్టుల లెక్క ప్రకారం సుమారు 3000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నిలబడింది కూడా తాను సాగుచేసిన భూమి కోసం, కల్లం చేరిన తన పంట కోసం. ఆమెను కులం పేరుతో పిలుచుకుంటున్నాం కానీ ఆమె పోరాటం కౌలు రైతు పోరాటం. ఈ ఒక్క ఉదాహరణలోనే కులమూ వర్గమూ ఒకదాని మీద ఒకటి ఎలా పడతాయో కనిపిస్తుంది.

గింజల వాటా విషయంలో టి.ఒ. బైడెల్మన్ 1959లో వైజర్‌తో విభేదించి, భూమి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య జరిగే మారకం ఎన్నటికీ సమానం కాదన్నాడు. ఈ వాదనలో బలం ఉంది. కానీ అది నిజమైతే, వెట్టి మీద తిరగబడిన అదే చాకలి, అదే కమ్మరి, కల్లంలో వాటాను ఎందుకు వదులుకోలేదు? మార్క్స్‌వాదం ఇక్కడ రెండు దారులు చూపుతుంది. భూమి చేతికి రానంతకాలం ఆ గింజలే ఆధారం అన్నది ఒకటి. పాలకవర్గపు ఆలోచన పాలితులకు లోకజ్ఞానంగా మారిపోతుందని ఇటలీ మార్క్స్‌వాది గ్రాంసీ జైలు నోట్సుల్లో చెప్పిన ఆధిపత్య భావన రెండోది. నాకు మొదటిదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. రెండోదాన్ని సులభంగా వాడేస్తే, తిరగబడనివాళ్లందరూ మోసపోయినవాళ్లని చెప్పినట్టు అవుతుంది.

సంఘర్షణ సిద్ధాంతం అంటే మార్క్స్ ఒక్కడే కాడు. రాల్ఫ్ డారెన్‌డార్ఫ్ ఆస్తికి బదులు అధికారాన్ని మూలంగా తీసుకున్నాడు. ఆజ్ఞాపించేవాడూ ఆజ్ఞ పాటించేవాడూ ఉన్న ప్రతిచోటా సంఘర్షణ ఉంటుందన్నాడు. లూయిస్ కోజర్ 1956లో సంఘర్షణ సమూహాన్ని లోపల గట్టిపరుస్తుందని చూపి, డర్క్‌హైమ్‌కూ మార్క్స్‌కూ మధ్య ఒక దారి తెరిచాడు. వేర్వేరు కులాలవాళ్లు ఒకే సంగం కింద చేరిన తీరును చదవడానికి కోజర్ పనికొస్తాడు.

అయిదో అడుగు: వెబర్‌తో చదవడం

మాక్స్ వెబర్‌ను "మార్క్స్‌కు జవాబు" అని ఒక వాక్యంలో తేల్చేయడం మన దగ్గర అలవాటు. అతను మార్క్స్ ప్రశ్నలను కొట్టిపారేయలేదు, వాటి పక్కన మరికొన్ని పెట్టాడు. మనుషుల స్థానాన్ని మార్కెట్‌లోని వర్గం ఒక్కటే నిర్ణయించదనీ, గౌరవం మీద నిలిచే అంతస్తు, వ్యవస్థీకృతంగా అధికారం కోసం పనిచేసే పక్షం అనే రెండు వేరే పాయలు ఉన్నాయనీ చెప్పాడు. ఇంకా, జనం ఒక ఆజ్ఞను ఎందుకు పాటిస్తారన్న ప్రశ్నకు మూడు ఆధారాలు చూపాడు: సంప్రదాయం, చట్టబద్ధమైన నియమం, ఒక వ్యక్తి మీద అసాధారణమైన విశ్వాసం.

దొర మాట సంప్రదాయం వల్లే చెల్లిందని మొదట అనిపిస్తుంది. చరిత్ర చూస్తే కథ వేరు. తెలంగాణ దేశ్‌ముఖ్‌లు మొదట పన్ను వసూలుదార్లు. 19వ శతాబ్దపు రెండో భాగంలో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ జిల్లాల పాలనను ఏర్పరచి వసూలును ప్రభుత్వ ఉద్యోగులకు అప్పగించినప్పుడు, వారికి పరిహారంగా ఏటేటా నగదు అందేలా చేశారు. రికార్డుల మీద పట్టు ఉన్న దేశ్‌ముఖ్‌లు సర్వేల కాలంలో మంచి భూములను తమ పేర రాయించుకున్నారు. అంటే ఇక్కడ ముందు వచ్చింది పదవి, తర్వాత వచ్చింది ఆస్తి. ఆధునికమైన దస్తావేజే పాతకాలపు దొరతనాన్ని బలపరిచింది. భూమి నుంచి అధికారం పుట్టిందనే నమూనా ఈ పుట్టుక దగ్గర ఇబ్బంది పడుతుంది, వెబర్ ఇబ్బంది పడడు. నిజాం ప్రభుత్వం కాగితం మీద వెట్టిపై ఆంక్షలు పెట్టినా ఊళ్లో అవి అమలుకు రాకపోవడానికి కారణం కూడా అతని భాషలో చెప్పవచ్చు: ఆంక్ష చట్టబద్ధ అధికారానిది, దాన్ని అమలు చేయవలసిన ఊరి అధికారులు పటేల్, పట్వారీలు వంశపారంపర్య అధికారంలో భాగం.

పక్షం అన్న పాయ కూడా ఇక్కడ విలువైనదే. దొరల్లో చాలామంది రెడ్లు, సంగం ముందువరుసలో నిలిచిన రావి నారాయణరెడ్డీ రెడ్డే, భూమి ఉన్న కుటుంబం నుంచి వచ్చినవాడే. కులమూ వర్గమూ రెండూ ఒక మనిషిని ఒకవైపు లాగుతున్నా అతను రెండోవైపు నిలబడటానికి వ్యవస్థీకృత రాజకీయాన్ని ఒక స్వతంత్ర కారణంగా గుర్తించక తప్పదు.

వెబర్ మౌనం ఎక్కడంటే, ఇన్ని కారణాలలో ఏది ఎప్పుడు బరువెక్కుతుందో ముందుగా చెప్పే సూత్రం అతని దగ్గర లేదు. అతని అనుచరులు దీన్ని వినయమంటారు, విమర్శకులు తప్పించుకోవడమంటారు.

ఆరో అడుగు: ఊరి పొలిమేర దాటి చూడటం

ఇమాన్యుయేల్ వాలర్‌స్టైన్ 1974 నుంచి వాదించినట్టు, యూనిట్‌ను దేశం దగ్గర కూడా ఆపకూడదు. లాభాలు చేరే కేంద్రం, ముడిసరుకూ చౌక శ్రమా ఇచ్చే పరిధి, ఆ రెంటి మధ్య అర్ధపరిధి అనే మూడు మండలాలున్న పెట్టుబడిదారీ ప్రపంచ వ్యవస్థే అసలు యూనిట్. ఈ దృష్టితో చూస్తే ఆముదం, వేరుశనగ వంటి అమ్మకపు పంటలు, 1929 తర్వాతి ధరల పతనం, రెండో ప్రపంచ యుద్ధకాలపు ధాన్యం లెవీ (రైతుల నుంచి ప్రభుత్వం తప్పనిసరిగా సేకరించిన ధాన్యం) లెక్కలోకి వస్తాయి. తరాలుగా ఉన్న వెట్టి సరిగ్గా 1940లలోనే ఎందుకు భరించరానిదైందన్న ప్రశ్నకు ఇది మంచి ఆధారం. కానీ ఆ పతనమూ ఆ యుద్ధమూ ఎన్నో ప్రాంతాలను తాకాయి. ఎక్కడ తిరుగుబాటు వచ్చింది, ఎక్కడ రాలేదు అని విడదీయమంటే మళ్లీ ఊళ్లోకి రావాలి.

ఏడో అడుగు: ఈ నేల అడిగిన ప్రశ్నను చేర్చడం

పైవాళ్లందరి దగ్గరా లేని ప్రశ్నను అంబేద్కర్ అడిగాడు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని 1936లో రాశాడు. ఆ వాక్యం డర్క్‌హైమ్‌కూ మార్క్స్‌కూ ఒకేసారి తగులుతుంది. పనులు పంచుకోవడం వల్ల సంఘీభావం రావాలంటే పనివాళ్లు సమానులుగా కలవాలి. శ్రామికులు ఒక వర్గంగా ఏకం కావాలంటే వాళ్ల మధ్య మెట్లు ఉండకూడదు. మెట్ల వరుస అసమానతలో ప్రతి మెట్టు మీదివాడికీ తన కింద మరొకడు ఉన్నాడన్న తృప్తి మిగులుతుంది, అందువల్ల పైవాడి మీద కోపం కలిసికట్టుగా పేరుకోదు. వెట్టి అన్ని మెట్లవాళ్లనూ తాకింది కాబట్టి అందరినీ కలిపింది. కల్లంలో వాటా మాత్రం మెట్టును బట్టి మారుతుంది, కాబట్టి ఎవరికి వారే ఉండిపోయారు. మన చిక్కుముడికి నాకు దొరికిన జవాబుల్లో ఇదే బలమైనదని అనుకుంటున్నాను. ఇది అంబేద్కర్ తెలంగాణ గురించి చెప్పిన మాట కాదు, ఆయన భావనను నేను ఇక్కడ అన్వయించిన తీరు అని గుర్తుంచుకోవాలి.

ఎనిమిదో అడుగు: పోలికను రాయడం

ఇప్పుడు చేతిలో ఉన్న నోట్సును రెండు కుప్పలుగా విడదీయండి. ఒక కుప్పలో, సిద్ధాంతాలు వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్న చోట్లు. ప్రకార్యవాదం నిలకడనూ, ప్రపంచ వ్యవస్థ సిద్ధాంతం సమయాన్నీ వివరిస్తున్నాయంటే అవి పోట్లాడటం లేదు, వాటి మధ్య లేని తగువును కల్పించవద్దు. రెండో కుప్పలో, ఒకే ప్రశ్నకు రెండు పొసగని జవాబులు ఉన్న చోట్లు: గింజల వాటా సమాన మారకమా కాదా, దొర బలానికి మూలం భూమా పదవా. వ్యాసంలో ఎక్కువ భాగం ఈ రెండో కుప్పకే ఇవ్వండి, ప్రతి తగువు దగ్గరా ఏ సాక్ష్యం దాన్ని తీర్చగలదో రాయండి. దొర బలం విషయంలో నా తీర్పు ఇది: పుట్టుకకు వెబర్, నడకకు మార్క్స్. పదవి భూమిని ఇచ్చింది, ఒకసారి చేతికొచ్చాక భూమి పదవి లేకపోయినా పనిచేసింది. ఇలాంటి తీర్పు ఒకటి రాయగలిగితే "రెండూ ముఖ్యమే" అన్న వాక్యం అవసరం ఉండదు.

తొమ్మిదో అడుగు: మరో ఉదంతంతో పరీక్షించడం

ఒక ఉదంతంలో నెగ్గిన వివరణ ఆ ఉదంతానికే అతికించినది కావచ్చు. అందుకే కాలాన్ని మార్చి, ఇప్పటి మీ ఊరికే వెళ్లండి. మార్క్స్ 1853లో భారతదేశం గురించి రాస్తూ, రైల్వేల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులాలకు ఆధారమైన వంశపారంపర్య శ్రమ విభజనను కరిగిస్తుందని అంచనా వేశాడు. ఈ అంచనాను పరీక్షించడానికి మీకు గ్రంథాలయం అక్కర్లేదు. క్షౌరం ఇప్పుడు మండల కేంద్రంలోని సెలూన్‌లో నగదుకు జరుగుతోందా, ఆ సెలూన్ యజమాని ఏ కులంవాడు? బట్టలు ఇంట్లో వాషింగ్ మెషీన్‌కు వెళ్లాక కూడా పెళ్లిలో, చావులో ఫలానా కులంవాళ్లే వచ్చి ఫలానా పని చేయాలని ఊరు ఆశిస్తోందా? డప్పు కొట్టడానికి రామని ఒకరు చెబితే ఊరు ఏం చేస్తుంది, ధర పెంచుతుందా, వేరేవాళ్లను పిలుస్తుందా, సాంఘిక బహిష్కరణకు దిగుతుందా? జవాబులను ఒక నోట్‌బుక్‌లో, "సహకారం", "దోపిడీ" అన్న మాటలు రాకుండా రాసుకుని, రెండో అడుగులోని అయిదు ప్రశ్నల దగ్గరకు తిరిగి రండి.